మోటుపల్లి గుడి స్తంభం చెప్పే గవాహీ

పోయిన రంజాన్‌లో ఒక రోజు ఇఫ్తార్‌కి మా ఆపా వాళ్లింట్లో ఉన్నాం. మగ్రిబ్ నమాజ్ చదువుకుని మళ్లీ దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నాక, ఆపా చిన్నకొడుకు ఉన్నట్టుండి అడిగాడు. వాడు తొమ్మిదో తరగతి.

"మామూ, మన కోస్తాలో పాత గుళ్లన్నీ మనవాళ్లే పగలగొట్టారంట. క్లాసులో ఒకడన్నాడు. నిజమేనా?"

మా దూల్హాభాయ్ వెంటనే అందుకున్నారు. "ఝూట్! మనవాళ్లు ఏ గుడినీ ముట్టుకోలేదు. అంతా వాట్సాప్ బక్వాస్." అమ్మీ "రోజా విప్పే వేళ ఈ గొడవలెందుకు రా, గంజి తాగు" అంది. వాడు గంజి గిన్నె పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. పేపర్లో పనిచేసే మామూకి తెలియకుండా ఉంటుందా అని వాడి నమ్మకం.

నాకు తెలుసు. ఆ పిల్లవాడన్నదీ పూరా నిజం కాదు, దూల్హాభాయ్ అన్నదీ పూరా నిజం కాదు. ఆ రాత్రి తరావీహ్‌కి వేళైపోతోంది, ఒక్క మాటలో చెప్పే జవాబు కాదు. "ఈద్ అయ్యాక నిన్నొక చోటికి తీసుకెళ్తా, అక్కడ చెప్తా" అన్నాను. ఆ జవాబే ఇప్పుడు మీ అందరి కోసం రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను చదివింది ఉర్దూ మీడియం. తారీఖ్ పాఠాల్లో మాకు కుతుబ్ మినార్ తెలుసు, పానీపట్ తెలుసు, షాజహాన్ తెలుసు. మా ఇంటికి నాలుగు కోసుల దూరంలో ఉన్న గుడి గోడ మీద ఏం రాసి ఉందో తెలియదు. అది వాళ్ల తారీఖ్, మనది ఢిల్లీలో ఉంది అన్నట్టు పెరిగాం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక, ఒక మాస్టారు శాసనాలు చెబుతూ ఒక మాటన్నారు. పాతకాలంలో గుడి అంటే పూజ చేసుకునే చోటు ఒక్కటే కాదు, ఊరి రిజిస్ట్రార్ ఆఫీసు కూడా అదే అని. భూమి ఇచ్చినా, చెరువు తవ్వినా, సుంకం తగ్గించినా, మాట ఇచ్చినా గుడి రాతి మీద చెక్కించేవాళ్లు. కాగితం చిరుగుతుంది, రాయి చిరగదు. పైగా దేవుడి ముందు రాసిన మాట తప్పితే పాపం అనే ఖౌఫ్ ఒకటి.

మన కోస్తా అలాంటి రాళ్లతో నిండి ఉంది. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం స్తంభాల నిండా శాసనాలే. సింహాచలం గోడల మీద తూర్పు గాంగుల మొదలు కృష్ణదేవరాయల దాకా రాయించిన మాటలున్నాయి. గోదావరి, కృష్ణా తీరాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, అమరావతి కలిపి పంచారామాలు అంటారు. ద్రాక్షారామం, సామర్లకోటల్లో భీమేశ్వరుడి గుళ్లను చాళుక్య భీముడు కట్టించాడని ప్రతీతి. అంటే వెయ్యేళ్ల పైమాట. ఒక్క ద్రాక్షారామం గుడిలోనే వందల శాసనాలున్నాయి.

వాటిలో ఎక్కువగా కనిపించేది అఖండ దీపం దానం. దేవుడి ముందు దీపం ఎప్పటికీ ఆరకూడదు, దానికి నెయ్యి కావాలి. దాత యాభై గొర్రెలో, కొన్ని ఆవులో గుడికి రాసిచ్చేవాడు. వాటిని ఒక కాపరికి అప్పగించేవాళ్లు. ఆ కాపరి, అతని తర్వాత అతని ఔలాద్, రోజూ మానెడు నెయ్యి తెచ్చి పోయాలి. మన వక్ఫ్ లాంటిదే ఇది. అసలు ముట్టుకోకూడదు, ఆమదనీ మాత్రం ఖర్చు పెట్టాలి. దాతల్లో రాజులూ రాణులే కాదు, వర్తకులున్నారు, సైనికులున్నారు, మామూలు ఆడవాళ్లున్నారు. అదే ద్రాక్షారామంలో సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా కూడా ఉంది. ఒకే ఊరి పేరు ఒకరికి శివుణ్ణి గుర్తుచేస్తుంది, ఇంకొకరికి పీర్ సాహెబ్‌ని.

ఈద్ అయిన మూడో రోజు మేనల్లుణ్ణి బండి మీద ఎక్కించుకుని మోటుపల్లి వెళ్లాను. చీరాల నుంచి దక్షిణంగా, చినగంజాం వైపు, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. దారి పొడుగునా ఉప్పు మడులు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు. ఊరు చూస్తే ఇది ఒకప్పుడు చీనా దాకా పేరున్న రేవు అంటే నమ్మబుద్ధి కాదు. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో తన సఫర్‌నామాలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ రాజ్యం గురించే అంటారు చరిత్రకారులు. ఇక్కడి సన్నటి బట్టలనీ, వజ్రాలనీ, రాజ్యమేలుతున్న ఒక రాణినీ అతను తారీఫ్ చేశాడు. ఆ రాణి రుద్రమదేవి.

అక్కడ వీరభద్రస్వామి గుడి ఉంది. చెప్పులు బయట వదిలి మండపం దగ్గరికి వెళ్లాం. శాసనం చూడ్డానికి వచ్చామని చెబితే పూజారి గారు "రండి, చూసుకోండి" అని స్తంభం చూపించి తన పనిలో పడ్డారు.

ఆ స్తంభం మీద ఉన్నది రుద్రమదేవి తండ్రి, కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. ఇందులో యుద్ధం లేదు, ఎవరినో గెలిచానన్న గొప్ప లేదు. సముద్రం మీద తిరిగే వ్యాపారులకు ఒక రాజు ఇచ్చిన వాదా ఉంది. అప్పట్లో ఒక రివాజు ఉండేది. తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని మాలు మొత్తం ఆ ఒడ్డు రాజుది. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏదున్నా సరే జబర్దస్తీగా లాక్కునేవాళ్లు. ప్రాణాలతో బయటపడిన వర్తకుడు కట్టుబట్టలతో నిలబడాల్సిందే. నా ముందున్న రాజులు అలా చేశారు, నేను చెయ్యను అని గణపతిదేవుడు రాయించాడు. సంపద కోసం ప్రాణం పణంగా పెట్టి సముద్రం దాటి వచ్చినవాడి మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వాళ్లకే వదిలేస్తున్నానన్నాడు. ఆ సుంకం సరుకు విలువలో 30వ వంతు. ఆ కింద గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు, రాగి, సీసం అంటూ సరుకుల జాబితా.

మేనల్లుడు ఆ అక్షరాల్ని గుచ్చిగుచ్చి చూశాడు. "తెలుగేనా మామూ ఇది?" అన్నాడు. అప్పటి తెలుగు లిపి, ఇప్పటికి చాలా మారింది అన్నాను. ఒకటి రెండు అక్షరాలు పట్టుకుని ఖుష్ అయిపోయాడు.

"ఇందులో మనవాళ్లెక్కడున్నారు?"

అడగాల్సిన సవాలే. ఆ శాసనంలో ముసల్మాన్ అనే మాట లేదు. ఏ ఖౌమ్ పేరూ లేదు, అసలు వచ్చినవాడి మజహబ్ ఏమిటని రాజు అడగనే లేదు. కానీ ఆ రోజుల్లో దక్కన్ రాజ్యాల సైన్యాలకు మేలుజాతి గుర్రాలు వచ్చింది అరబ్బు, ఫార్సీ దేశాల ఓడల్లోనే. పన్నీరు కూడా ఎక్కువగా ఆ వైపు నుంచే వచ్చేది. హిందూ మహాసముద్రం మీద తిరిగే వర్తకుల్లో అరబ్బులు పెద్ద వాటా. కాబట్టి సముద్రం దాటి వచ్చినవాడికి ఇచ్చిన ఆ అభయంలో బిస్మిల్లా చెప్పి ఓడెక్కిన వాళ్లకూ హక్కుంది. మనమంతా ఆ అరబ్బుల సంతానమని నేననను. మనలో చాలామంది ఇక్కడి మట్టిలోనే పుట్టి, ఇక్కడే కలిమా చదివినవాళ్లం. నా మాటల్లా ఇంతే: మన దీన్ ఈ ఒడ్డుకు వచ్చినప్పుడు దానికి దొరికిన మొదటి కాగితాల్లో ఒకటి గుడి స్తంభం మీద ఉంది.

ఇక్కడితో ఆపేసి, చూశావా, అందరం కలిసి ఎంత బాగా ఉన్నామో అని వాడికి చెప్పి ఐస్‌క్రీం కొనిపెట్టి తీసుకొచ్చేయొచ్చు. కానీ వాడు అడిగింది అది కాదు. గుళ్లు పగలగొట్టారా అని అడిగాడు. మండపం మెట్ల మీద కూర్చుని మిగతాది కూడా చెప్పాను.

గణపతిదేవుడు ఈ మాట ఇచ్చిన 79 ఏళ్లకు, 1323లో, ఢిల్లీ నుంచి వచ్చిన ఉలూగ్ ఖాన్ ఓరుగల్లును జయించాడు. తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అన్న పేరుతో సుల్తాన్ అయింది ఇతనే. మరుసటి ఏడాదే, 1324లో, రాజమండ్రిలో సాలార్ ఉల్వీ అనే అధికారి జామా మసీదు కట్టించాడు. ఫార్సీ శాసనం ఆ మసీదు దర్వాజా మీదే ఉంది. అక్కడ అంతకుముందు వేణుగోపాలస్వామి గుడి ఉండేదని ఊళ్లో తరతరాలుగా చెబుతారు. నేను ఆ మసీదులో జుమ్మా నమాజ్ చదివాను. ఇమామ్ సాహెబ్ ఖిరాఅత్ చేస్తుంటే నా దిల్ ఒకవైపు సజ్దాలో, ఒకవైపు ఆ రాళ్ల దగ్గర ఉండిపోయింది. అల్లా నన్ను మాఫ్ చేయుగాక.

ఆ తర్వాత కొన్నేళ్లకే ముసునూరి ప్రోలయ నాయకుడు తుగ్లక్ సైన్యాలను ఈ తీరం నుంచి వెళ్లగొట్టి, కోనసీమలోని విలస గ్రామాన్ని ఒక పండితుడికి దానమిచ్చాడు. ఆ రాగిరేకుల్ని విలస శాసనం అంటారు. ఓరుగల్లు పడిపోయాక జనం పడ్డ జుల్ముల్ని అందులో రాయించాడు. విగ్రహాలు పగిలాయి, అగ్రహారాలు పోయాయి, రైతు పండించింది రైతుకు మిగల్లేదు. గెలిచినవాడు రాయించుకున్న మాటల్లో కొంత ముబాలగా ఉంటుంది, అది ఏ రాజు శాసనంలోనైనా ఉంటుంది. కానీ మొత్తం ఝూట్ అని తీసిపారెయ్యడానికి లేదు. అంత మంట ఊరికే పుట్టదు.

అప్పటి రాజులకు శత్రురాజు గుడి అంటే అతని ఖజానా, అతని జెండా. అందుకే దాని మీద పడేవాళ్లు. హిందూ రాజులు కూడా ఓడించిన రాజు దేవుణ్ణి తీసుకెళ్లిన సంగతులున్నాయి. కృష్ణదేవరాయలు మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటను గెలిచి అక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకెళ్లి గుడి కట్టాడు. చదువుకున్న మనవాళ్లు ఈ ఉదాహరణను కవచంలా వాడతారు. నేనూ చాలా డిబేట్లలో వాడాను. ఇప్పుడు వాడను. ఆయన ఆ విగ్రహాన్ని తీసుకెళ్లి పూజించాడు, పగలగొట్టలేదు. రెండూ ఒకటి కాదు. సూరా నిసాలో, తన మీదకే వచ్చినా, తల్లిదండ్రుల మీదకే వచ్చినా ఇన్సాఫ్‌గా గవాహీ చెప్పాలన్న హుకుం ఉంది. తారీఖ్ విషయంలో మాత్రం ఆ హుకుం మనకు గుర్తుండదు.

"మరి క్లాసులో వాడన్నది నిజమే కదా" అన్నాడు మేనల్లుడు. మొహం చిన్నబోయింది.

"పూర్తిగా విను" అన్నాను.

ఆ తుగ్లక్ సైన్యాలతో పోరాడి రాజ్యం కట్టుకున్నవాళ్లలో అద్దంకి రెడ్లు ఒకరు. తురకల మీద పగ పెంచుకోవడానికి వాళ్లకంటే ఎక్కువ వజా ఎవరికుంటుంది? ఆ వంశంలో రెండో రాజు అనపోత రెడ్డి 1358లో ఇదే మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించాడు. పరదేశాల నుంచి వర్తకులు రావచ్చు, ఉండాలనుకుంటే భూమి ఇస్తాం, వెళ్లాలనుకుంటే ఆపం, సరుకు లాక్కోం. గణపతిదేవుడి వాదాను 114 ఏళ్ల తర్వాత, మధ్యలో అంత రక్తం పారాక, మళ్లీ ఇచ్చారు. రేవు నడవాలంటే వర్తకుడు కావాలి, నిజమే, వ్యాపారం ఉంది అందులో. కానీ సైన్యంతో వచ్చినవాడు వేరు, సరుకుతో వచ్చినవాడు వేరు అని తేడా తెలుసుకున్నారు. ఇద్దరి పేర్లూ ఒకేలా వినిపించినా సరే.

ఇంకో మూడు వందల ఏళ్లు ముందుకు రండి. గోల్కొండ చివరి బాద్షా అబుల్ హసన్ తానీషా మచిలీపట్నం వెళ్తూ కృష్ణా తీరంలో భాగవతుల ఆట చూసి, ఆ ఊరిని వాళ్లకే ఇచ్చేశాడని రివాయత్. ఆ ఊరు కూచిపూడి. గుడి ముందు భామాకలాపం ఆడే కుటుంబాలు ఈ రోజుకీ తానీషా పేరు ఎహ్తెరామ్‌గా తలుచుకుంటాయి. సాలార్ ఉల్వీ మనవాడైతే తానీషా కూడా మనవాడే. ఒకణ్ణి దాచి ఇంకొకణ్ణి చూపించడం కుదరదు.

ఇవన్నీ రాజుల సంగతులు. నేను వాణ్ణి మోటుపల్లి దాకా తీసుకొచ్చింది అసలు ఇంకో మాట చెప్పడానికి. అది మా ఖాందాన్ మాట. ఆపా పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

మా నానా గారి తమ్ముడు, మా ఛోటే నానా, సన్నాయి వాయించేవారు. ఒంగోలు వైపు ఒక పల్లెలో రామాలయం మేళంలో. ఊళ్లో ఆయన పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు, 'సన్నాయి సాయిబు' అనేవాళ్లు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది వింతేమీ కాదు. తరాల తరబడి ఎన్నో గుళ్లలో మేలుకొలుపు నుంచి పవళింపు దాకా నాదస్వరం ఊదింది ముసల్మాన్ కుటుంబాలే. చిలకలూరిపేట ఆదం సాహెబ్ పేరు పాతవాళ్లకు తెలుసు. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా ఈ విద్యను తంజావూరు బాణీ దాకా తీసుకెళ్లి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆయన శిష్యులు కాలీషాబీ మహబూబ్, షేక్ మహబూబ్ సుబానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బురఖా, నాదస్వరం ఒకే వాక్యంలో పట్టవని అనుకునేవాళ్లు ఆ బీబీ వాయిస్తుంటే ఒకసారి వినాలి.

1990లో శ్రీరామనవమి రంజాన్‌లో వచ్చింది. నాకు పన్నెండేళ్లు. ఛోటే నానా రోజాతోనే వాయించారు. రెల్లు పీక తడవకపోతే సన్నాయి పలకదు. వుజూలో నోరు పుక్కిలించి ఉమ్మేసినట్టే తడి చేసుకునేవారు, గుక్క మింగకుండా. సాయంత్రం ఊరేగింపు సగం వీధికి వచ్చేసరికి మగ్రిబ్ వేళయింది. ఎవరూ ఆపమనలేదు, పల్లకీ అదే ఆగింది. ఒక కమ్మవారి అరుగు మీద ఆయన కూర్చున్నారు. జేబులోంచి ఖర్జూరం తీశారు. ఆ ఇంటావిడ గ్లాసుతో పానకం తెచ్చి, "నైవేద్యం పెట్టకముందే తీసి పక్కనుంచాను బాబాయ్, తాగొచ్చు" అంది. ఆయన తాగారు, పక్క సందులో నమాజ్ చదువుకుని వచ్చారు. డోలు మళ్లీ మొదలైంది.

నైవేద్యం పెట్టకముందే. ఆ ఒక్క మాటలో ఉన్న తమీజ్ నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన హద్దు ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె పండగ ఏమిటో ఆయనకు తెలుసు. ఎవరూ ఎవరి దీన్‌నూ కలిపెయ్యలేదు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. మా ఖాలా కూతురికి ఒక మంచి రిష్తా వచ్చి, "గుళ్లో వాయించే ఖాందాన్" అన్న మాటతో వెనక్కి పోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఛోటే నానా ప్రస్తావన తగ్గిపోయింది. పండక్కి ఆయన్ని పిలవడం మానేశారు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు క్లాసులో 'శాసనాలు, సంస్కృతి' అని పేజీలకు పేజీలు రాసేవాణ్ణి. ఆయన మంచాన పడ్డారని ఖబర్ వస్తే పరీక్షలని చెప్పి వెళ్లలేదు. పరీక్షలకు ఇంకా నెల ఉంది. జనాజాకు మాత్రం వెళ్లాను. మసీదు తరఫున వచ్చినవాళ్లకంటే రామాలయం వీధి నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ఏడాది తిరక్కముందే పేపర్లో చిన మౌలానా సాహెబ్‌కు సంగీత కళానిధి వార్త చూశాను. అదే విద్య, అదే జిల్లా. ఆయన ఫోటో చూసి గర్వపడ్డాను. మరుక్షణం సిగ్గేసింది.

ఆయన గుళ్లో వాయించడం జాయిజా, నాజాయిజా అని నన్ను అడగకండి. నేను ఆలిమ్‌ని కాను. ఆయన ఐదు పూటలా నమాజీ అని మాత్రం నాకు తెలుసు. లెక్క చూసుకునేవాడు అల్లా. మన ఇంటి మనిషిని మనం ఎలా చూశామన్న లెక్క మాత్రం మనదే.

మోటుపల్లి నుంచి తిరిగొచ్చేటప్పుడు మేనల్లుడికి జవాబు చెప్పాను. క్లాసులో ఆ పిల్లవాడు మళ్లీ అడిగితే మూడూ చెప్పు. మన పేర్లున్నవాళ్లు గుళ్లు పగలగొట్టారు, నిజం. ఒక గుడి స్తంభం మీద మనలాంటివాళ్లకు అభయం రాసి ఉంది, అదీ నిజం. అలాంటి గుళ్లలో దేవుణ్ణి మేలుకొలిపిన సన్నాయి మన ఇంట్లోది, అదీ నిజం. ఒకటి చెప్పి రెండు దాచకు. వాడు రెండు చెప్పి ఒకటి దాచినా ఊరుకోకు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. చీరాల దగ్గర పడ్డాక వెనక నుంచి అడిగాడు. "మామూ, ఛోటే నానా సన్నాయి ఇప్పుడెక్కడుంది?"

ఇంటికెళ్లి అమ్మీని అడిగాం. మేళంలో డోలు వాయించే ఆయన వచ్చి అడిగితే ఇచ్చేశారట. "మనమేం చేసుకుంటాంలే అనుకున్నాం బేటా" అంది. ఆ డోలాయన కూడా ఇప్పుడు లేడు. వాళ్లబ్బాయి ఏ ఊళ్లో ఉన్నాడో వెతుకుతున్నాను.

మీ ఖాందాన్‌లో కూడా ఇలా గుడి మేళంలో సన్నాయి ఊదినవాళ్లు, డోలు కొట్టినవాళ్లు, రథానికి బట్ట కుట్టినవాళ్లు, ఉత్సవానికి మతాబులు చేసినవాళ్లు ఉండి ఉంటారు. ఇంట్లో బుజుర్గులు బతికుండగానే అడిగి పేర్లు రాసుకోండి. మనకు స్తంభాలు లేవు, వాళ్ల యాదే మన రాయి.

ఖుదా హాఫిజ్.